ప్యారానగర్ గొడవ మూలం 2015లో ఉంది

సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల దగ్గరి ప్యారానగర్, నల్లవల్లి పేర్లు మళ్లీ వినబడుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో పోలీసు బందోబస్తుతో హైదరాబాద్ నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ అక్కడ చెత్త ప్లాంటు పనులు మొదలుపెట్టడం, ఊళ్లవాళ్లు రిలే దీక్షలకు దిగడం, విషయం హైకోర్టు దాకా వెళ్లడం తెలిసినవే. హైదరాబాద్ చెత్తకు ఇంకో ఊరు ఎందుకు కావాల్సి వచ్చిందన్నది అసలు సంగతి.

2015లో నగరంలో సుమారు 22 లక్షల ఇళ్లకు రెండేసి బుట్టలు పంచాలని నిర్ణయించారు. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలిది. ఆ నవంబరులో ఇంటింటి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు రోడ్డెక్కాయి. ఆలోచన మంచిదే, లోపం డబ్బుల లెక్కలో ఉంది. బ్యాంకు లోన్‌తో ఆటో తీసుకున్న డ్రైవర్‌కు ఇంటికి నెలకు 50 రూపాయలు, ఏరి అమ్ముకునే సీసాలు, అట్టపెట్టెలే ఆదాయం. తడి చెత్తను విడిగా పట్టుకెళ్తే అతనికి పైసా మిగలదు. దాంతో అంతా కలిసిపోయి, ఆటోల చెత్తను లారీలకెక్కించే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ మీదుగా నగరం చెత్త పోసే జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్‌కు చేరింది. చాలా ఇళ్లలో ఆ బుట్టలు నీళ్ల బకెట్లయ్యాయి.

ఆ తర్వాత వీధుల్లో చెత్త కుండీలు కూడా ఎత్తేశారు. ఆటో రాని రోజున, నెల డబ్బులు కట్టని ఇంటి నుంచి, అర్ధరాత్రి మూసే టిఫిన్ బండి నుంచి చెత్త ఖాళీ ప్లాటుకో నాలాకో పోతోంది. అలా పారేసేవాళ్లకు ఫైన్ వేయాల్సిందే. కుండీ తీసేసిన చోట ఇంకో దారి చూపించడం కూడా అంతే అవసరం.

ప్యారానగర్‌లో కట్టేది డంపింగ్ యార్డ్ కాదు, ప్రాసెసింగ్ ప్లాంటు అని అధికారులు అంటున్నారు. జవహర్‌నగర్ మీద భారం తగ్గుతుందనీ చెబుతున్నారు.

ఊళ్లవాళ్లు ఇది నమ్మరు, ఎందుకంటే వాళ్లు జవహర్‌నగర్‌ను చూశారు. అక్కడ కూడా శాస్త్రీయ నిర్వహణ పేరుతోనే 2009లో ప్రైవేటు సంస్థతో ఒప్పందం కుదిరింది. చెత్త నుంచి ఊరిన మురుగు మల్కారం చెరువును నల్లగా మార్చింది. దమ్మాయిగూడ, నాగారం వాసులు వాసనకు కిటికీలు తెరవలేకపోయారు. కోటి టన్నులకు పైగా ఉన్న పాత గుట్టను మట్టితో కప్పారు, 2020లో చెత్తతో కరెంటు తీసే ప్లాంటూ వచ్చింది. వాసన మీద ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. ప్యారానగర్ పక్కన నర్సాపూర్ అడవి ఉంది. అక్కడి కొండ మీది వాన నీళ్లు కింది చెరువుల్లోకే దిగుతాయని, వాటి మీదే తమ పొలాలు బతుకుతున్నాయని రైతులు మొదటి నుంచీ చెబుతున్నారు. ఈ భయానికి సమాధానం పోలీసు బందోబస్తు కాదు.

నగరంలో రోజుకు 7,000 టన్నులకు పైగా చెత్త పోగవుతోంది. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడిదే. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. అధికారులు ఆ పని గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో గట్టిగా చేయించి, ఎన్ని లారీలు తగ్గాయో లెక్క చూపించాకే ప్లాంటుకు ఒప్పుకోమని ప్యారానగర్ రైతులను అడగాలి.