ఇంజిన్ బోరు పనిలో క్లచ్ బిగింపు: అపోహలు - వాస్తవాలు

ఇంజిన్ బోరు చేయించేవారు పిస్టన్ల గురించి, రింగుల గురించి ఎన్నో అడుగుతారు. క్లచ్ దగ్గరికి వచ్చేసరికి "మంచి కంపెనీది వేయండి" అని వదిలేస్తారు. అది ఎంతకాలం నిలుస్తుందో దాని ధర కంటే బిగించే చేతులే ఎక్కువగా తేలుస్తాయి.

అపోహ: క్లచ్ ప్లేటు ఎటు తిప్పి పెట్టినా ఒకటే.

వాస్తవం: ఒకటి కాదు. చాలా కార్లలో స్ప్రింగులున్న ఉబ్బెత్తు భాగం గేర్‌బాక్స్ వైపు ఉండాలి. ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) వైపు ఏదో చాలా ప్లేట్ల మీద అచ్చు వేసే ఉంటుంది. తిరగేసి బిగిస్తే ప్లేటు నడిమి భాగమైన హబ్ ఫ్లైవీల్ బోల్టులకు రాసుకుంటుంది, పెడల్ తొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు. గేర్‌బాక్స్ మళ్లీ దింపాల్సిందే.

అపోహ: ప్లేటు మధ్యలో ఉందో లేదో కంటితో చూస్తే చాలు.

వాస్తవం: ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు బిగించాక క్లచ్ ప్లేటు కదలదు. అది నడిమికి రాకపోతే గేర్‌బాక్స్ నుంచి వచ్చే ఇరుసు, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ లోపలికి దిగదు. అప్పుడు కొందరు గేర్‌బాక్స్‌ను బోల్టులతోనే బలవంతంగా లాగుతారు, లేదా దాని బరువంతా షాఫ్ట్ మీద వేలాడనిస్తారు. హబ్ వంగుతుంది. ఆ వంపు కంటికి ఆనదు, కారు కదిలించిన ప్రతిసారీ వణుకై బయటపడుతుంది. ప్లేటును నడిమికి తెచ్చే అలైన్‌మెంట్ టూల్ గానీ, అదే మోడల్ పాత ఇన్‌పుట్ షాఫ్ట్ గానీ వాడండి. గేర్‌బాక్స్‌ను జాకీ మీద నిలిపి తిన్నగా జరపండి. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగిస్తూ చివర తయారీదారు చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) తేవాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే కవరు వంకరపోతుంది.

అపోహ: ఫ్లైవీల్ మీది నీలి మచ్చలు ఎమరీ కాగితంతో పోతాయి.

వాస్తవం: రంగు పోతుంది, అతిగా వేడెక్కి గట్టిపడిన లోహం అలాగే ఉంటుంది. పగుళ్లుంటే ఫ్లైవీల్ మార్చాలి. లేకుంటే గ్రైండింగ్‌కు పంపవచ్చు, కానీ కవరు బిగించే చోటుకూ ప్లేటు రాసుకునే చోటుకూ మధ్య మెట్టు ఉన్న రకంలో ఆ మెట్టు ఎత్తు మారకూడదు.

అపోహ: ఇంజిన్ వెనుక ఆయిల్ సీల్ కారడం లేదు కాబట్టి ఉంచేయొచ్చు.

వాస్తవం: ఇంజిన్ విప్పినప్పుడు తక్కువ ఖర్చుతో మార్చగలిగే భాగం అది. తరువాత కారితే కొత్త ప్లేటు నూనె పీల్చుకుని జారుతుంది, దాన్ని కడిగి బాగు చేయలేం. ఇన్‌పుట్ షాఫ్ట్ మీది గాడులకు (స్ప్లైన్లకు) గ్రీజు కూడా పలచని పూత చాలు. ఎక్కువైతే చిమ్మి ప్లేటు మీదే పడుతుంది.

అపోహ: పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగును కిరోసిన్‌తో కడిగి వాడుకోవచ్చు.

వాస్తవం: సీల్ చేసిన బేరింగులోకి కిరోసిన్ చేరితే లోపలి గ్రీజు కరిగిపోతుంది. క్లచ్‌తో పాటు కొత్తదే వేయండి. కేబుల్ క్లచ్ ఉన్న మారుతి 800 లాంటి కార్లలో పెడల్‌కు కొంచెం ఆట కూడా ఉంచాలి. లేకుంటే బేరింగు ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉండి క్లచ్ జారడం మొదలవుతుంది.

అపోహ: పాత క్లచ్ దుమ్మును గాలి కొట్టి ఊదేస్తే శుభ్రం.

వాస్తవం: పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. తడి గుడ్డతో తుడవండి. మీరు మాస్కు పెట్టుకోండి, పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడికీ ఒకటి ఇవ్వండి.