సెమినార్ ముందు టీ, ఓ పంక్తిభేదం కథ

ఏ విశ్వవిద్యాలయంలోనైనా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు చూడండి. బయటి నుంచి వచ్చే ప్రొఫెసర్ సెమినార్, పీహెచ్‌డీ వైవా, ఓ మహానుభావుడి పేరిట స్మారకోపన్యాసం ఒక వరస. కొత్త విద్యార్థులకు విందు, మహిళా స్కాలర్ల సమావేశం, సెమినార్‌కు అరగంట ముందు టీ ఇంకో వరస. మొదటిది చదువు, రెండోది కాలక్షేపం అనుకునేవాళ్లకు కొదవలేదు. డబ్బుకు కటకట వస్తే కత్తెర ముందు పడేది రెండో వరస మీదే. ఈ శాస్త్రం నడిచొచ్చిన దారి చూస్తే మాత్రం ఆ రెండింటి మధ్య గీత ఎక్కడా సరిగ్గా నిలవదు.

టీ సంగతే చూద్దాం. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1906లో వినిఫ్రెడ్ బ్రెంచ్లీ చేరారు. అక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి మహిళా శాస్త్రవేత్త ఆమె. ఆమెతో ఎలా మెలగాలో పాలుపోక మగవాళ్లు సాయంత్రం టీ ఏర్పాటు చేశారని చెబుతారు. 1920ల మొదట్లో ఆ టీ దగ్గరే స్టాటిస్టిక్స్ పండితుడు రొనాల్డ్ ఫిషర్ అందించిన కప్పును మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త వద్దన్నారు. పాలు ముందు పోస్తేనే తనకు నచ్చుతుందట, ఏది ముందు పోశారో తాగి చెప్పేయగలదట. సరే చూద్దామని ఎనిమిది కప్పులు కలిపారు. నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు, వరస మాత్రం కలగాపులగం. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచడానికి 70 దారులున్నాయి. కాబట్టి ఊరికే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. ప్రయోగ రూపకల్పన మీద ఫిషర్ 1935లో వేసిన పుస్తకంలో ఈ కప్పులకు ఏకంగా ఓ అధ్యాయం దక్కింది. కాలక్షేపమే పాఠ్యాంశం అయింది.

అదే టీ మనుషుల్ని విడదీసింది కూడా. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కార్ల్ పియర్సన్ 1911లో నెలకొల్పిన విభాగం ప్రపంచంలోనే మొదటి స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్. 1933లో ఆయన రిటైరయ్యాక దాన్ని రెండు ముక్కలు చేశారు. ఒకటి కొడుకు ఈగన్ పియర్సన్‌కు, రెండోది తండ్రికి ఆగర్భశత్రువైన ఫిషర్‌కు. భవనం ఒకటే, కామన్ రూమూ ఒకటే. ఈగన్ బృందం నాలుగింటికి టీ తాగి వెళ్లిపోయేది, నాలుగున్నరకు ఫిషర్ బృందం వచ్చేది. ఎదురుపడకుండా వేళలు కుదుర్చుకున్నారన్నమాట. 1935లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీలో ఈగన్ సహచరుడు జెర్జీ నేమన్ పత్రం చదివితే, రచయిత తనకు పూర్తిగా తెలిసిన విషయం మీద మాట్లాడతారనుకున్నానంటూ ఫిషర్ నిండు సభలో దెప్పారు. టీ దగ్గర మాటల్లేవు కనక మాటలన్నీ సభలోనే పడ్డాయని నా అనుమానం.

సభ ఎప్పుడూ ఇలా యుద్ధరంగమే కానక్కర్లేదు. 1944లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాతికేళ్లు నిండని సి.ఆర్.రావు పాఠం చెబుతున్నారు. పెద్ద శాంపిళ్లకు ఫిషర్ ఇచ్చిన ఫలితం అది. చిన్న శాంపిళ్లకూ ఇది వర్తిస్తుందా అని వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావు ఆ రాత్రి కూర్చుని తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే, అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్–రావు అసమానత. అడగడానికి ఆ కుర్రాడు జంకి ఉంటే?

అడిగేంత దూరం కూడా రానివ్వని మనుషుల సంగతి వేరు. అమెరికన్ గణితవేత్త డేవిడ్ బ్లాక్‌వెల్ 1941లో, 22 ఏళ్లకే డాక్టరేట్ పూర్తి చేశారు. నల్లజాతివాడు. ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఏడాది ఉన్నారు గానీ, పక్కనే ఉన్న ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఆయన్ను తన ఉపన్యాసాలకు రానివ్వలేదు. 1942లో ఆయన్ను కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి తీసుకుందామని, అప్పటికి అక్కడ పనిచేస్తున్న నేమన్ ప్రయత్నించారు. అప్పటికి స్టాటిస్టిక్స్ అక్కడ గణిత విభాగంలో భాగం. విభాగాధిపతి ఇంట్లో అధ్యాపకులందరికీ విందు పెట్టడం ఆనవాయితీ. నల్లవాడికి మా ఇంట్లో వడ్డించనని ఆయన భార్య పట్టుబట్టారు. ఉద్యోగం అక్కడితో ఆగిపోయింది. ఇంటర్వ్యూలో ఏ థియరమ్ దగ్గర తడబడ్డారో అని వెతకక్కర్లేదు, అడ్డుపడింది విస్తరి. ఆ సంగతి బ్లాక్‌వెల్‌కు తెలిసింది చాలా ఏళ్ల తర్వాతే.

ఆయన హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పదేళ్లు పాఠాలు చెప్పి, 1954లో బర్క్‌లీ చేరారు. మరుసటేడు స్టాటిస్టిక్స్ విడి డిపార్ట్‌మెంట్ అయింది, 1957లో దానికి ఆయనే అధిపతి. కొత్తవాళ్లకు విందులు, వెనకబెట్టిన వర్గాల విద్యార్థులకు సమావేశాలు ఈనాటి ఫ్యాషన్ అని విసుక్కునేవాళ్లకు ఈ పన్నెండేళ్ల లెక్క గుర్తుచేయాలనిపిస్తుంది. విందు అప్పుడూ ఉంది, పంక్తిలో ఎవరు కూర్చోవాలన్నదే పేచీ.

ఇప్పుడు పేచీ పేర్ల మీదికీ వచ్చింది. ఈ శాస్త్రానికి పునాదులు వేసిన ఫ్రాన్సిస్ గాల్టన్, కార్ల్ పియర్సన్, ఫిషర్ ముగ్గురూ యూజెనిక్స్‌ను, అంటే మేలుజాతి మనుషుల్ని పెంచాలన్న వాదాన్ని, భుజాన మోసినవాళ్లే. 2020లో లండన్ యూనివర్సిటీ కాలేజీ తన లెక్చర్ హాలుకూ భవనానికీ ఉన్న గాల్టన్, పియర్సన్ పేర్లు తీసేసింది. 1960ల నుంచి ఫిషర్ పేరిట ఇస్తూ వచ్చిన ఉపన్యాస గౌరవానికి కూడా స్టాటిస్టిక్స్ సంఘాలు అదే ఏడు పేరు మార్చాయి. ఉపన్యాసం సాగుతూనే ఉంది, దాని మీద ఇప్పుడు ఎవరి పేరూ లేదు. బర్క్‌లీలో మాత్రం 2018లో తెరిచిన విద్యార్థుల హాస్టల్‌కు బ్లాక్‌వెల్ పేరు పెట్టారు.