హిగ్గిన్‌బాథమ్ ఇంటిపేరు: అపోహలు - వాస్తవాలు

పాత ఇంగ్లిష్ రికార్డుల్లో ఇంటిపేర్ల పుట్టుక వెతకడం నా పని. రైల్వే స్టేషన్ పుస్తకాల స్టాల్ మీద ‘హిగ్గిన్‌బాథమ్స్’ బోర్డు మనలో చాలామందికి గుర్తే. 1844లో మద్రాసులో ఆ షాపు పెట్టిన ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ ఇంటిపేరు అది. ఈ పేరు గురించి నా దగ్గరికొచ్చే అపోహలు కొన్ని.

అపోహ: చివర్లో ఉన్నది ‘బాటమ్’, అంటే పిర్రలు. ఎగతాళికి పెట్టిన పేరు.

వాస్తవం: పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు అర్థం లోయ అడుగున ఉండే పల్లపు నేల. పిర్రలనే అర్థం 18వ శతాబ్దం చివర్లో గానీ వాడుకలోకి రాలేదు. అప్పటికే ఈ ఇంటిపేరు పాతబడిపోయింది. ‘బాథమ్’ కూడా ఆ మాటకే ఇంకో రూపం. క్రికెటర్లు ఇయాన్ బోథమ్, రయాన్ సైడ్‌బాటమ్ ఇంటిపేర్లలో ఉన్నదీ ఇదే పల్లం. బర్మింగ్‌హామ్‌లో లాగా చివర ‘హామ్’ (అంటే నివాసం) ఉందనుకుని విడగొడితే మాత్రం తప్పులో కాలేసినట్టే.

అపోహ: ‘హిగ్గిన్’ అనేది రిచర్డ్‌కు ముద్దుపేరు. ఎవరో రిచర్డ్ పల్లపు పొలం కాబట్టి ఆ పేరు వచ్చింది.

వాస్తవం: వినడానికి బాగుంది, నేనూ మొదట్లో నమ్మాను. కానీ ఇంగ్లండ్‌లోని పాత లాంకషైర్ కౌంటీలో, బోల్టన్ దగ్గర ఓకెన్‌బాటమ్ అనే చోటు ఉంది. ఓక్ చెట్ల పల్లం అన్నమాట. ఇంటిపేర్ల నిఘంటువులు ఈ పేరును అక్కడికే తీసుకెళ్తాయి. జనం నోళ్లలో నలిగి ఓకెన్ కాస్తా ఈకెన్, ఇకెన్ అయింది, తర్వాత ముందొక ‘హ’ చేరింది. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే మనిషి ఊరు దాటాలి. ఊళ్లో ఉన్నంతకాలం అందరూ ఆ ఊరివాళ్లే, ఆ పేరుతో ఎవరిని పిలుస్తారు? మన అద్దంకి వారు, కొండపల్లి వారు కూడా ఇలా వచ్చినవాళ్లే.

అపోహ: స్పెల్లింగ్ వేరైతే వంశమూ వేరే.

వాస్తవం: 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో ఇంగ్లండ్ చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రిజిస్టర్‌లో రాయడం మొదలైంది. చెప్పేవాళ్లలో చాలామందికి చదువు రాదు, రాసేవాళ్లు చెవికి తోచినట్టు రాశారు. ఒకే మనిషి పేరు పెళ్లినాడు ఒకలా, ఖననం నాడు ఇంకోలా ఉండటం మామూలే. ఒక్క ‘జి’తో రాశారా, రెండింటితోనా అన్న టెన్షన్ నేనైతే పెట్టుకోను, పలికి చూసి వెతుకుతాను.

అపోహ: ప్రతి ఇంటిపేరుకూ ఒక వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉంటుంది.

వాస్తవం: ఉండదు. ఇంగ్లండ్‌లో ఆ చిహ్నం ఇచ్చేది ఒక మనిషికి, తర్వాత అది అతని వారసులకు చెందుతుంది. కప్పుల మీద అచ్చేసి అమ్మేవి సరదాకి కొనుక్కోండి.

అపోహ: ఒకే ఇంటిపేరు ఉంటే అందరూ ఒకే తాత మనవలు.

వాస్తవం: స్మిత్‌ల విషయంలో కుదరదు. స్మిత్ అంటే కమ్మరి. కమ్మరి లేని ఊరు ఏది? అరుదైన పేర్లకు మాత్రం ఇందులో కొంత నిజం ఉంది. 2009లో లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 ఇంటిపేర్ల మగవాళ్ల డీఎన్ఏ పోల్చారు. పేరు ఎంత అరుదైతే ఉమ్మడి పూర్వీకుడు దొరికే అవకాశం అంత ఎక్కువని తేలింది. అయినా ఒకే పల్లం నుంచి రెండు ఇళ్లవాళ్లు వేరువేరుగా వలస పోయి ఉంటే, పేరొక్కటే అవుతుంది, రక్తం కాదు.