దేశభక్తుడు తప్పు చేస్తే: బ్రూటస్ పాత్రపై అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో తెలుగు నాటకం వేసేవాళ్లం తక్కువే. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉద్యోగాలు చేసుకునే మా నటులు వారాంతాల్లో ట్రాఫిక్‌కి ఎదురీది రిహార్సల్‌కి వస్తారు. ఇప్పుడు షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ని తెలుగులో తయారుచేస్తున్నాం. రోమ్‌ని ఏలే సీజర్ రాజైపోతాడేమోనన్న భయంతో అతని మిత్రుడు బ్రూటస్ కుట్రదారులతో కలిసి అతన్ని చంపే కథ ఇది. దర్శకత్వం నాది. బ్రూటస్ గురించి మా నటుల నోట, నాటకం చూస్తామంటున్న మిత్రుల నోట కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను. వాటిని నమ్మి ఆడితే పాత్ర చచ్చిపోతుంది. అందుకే ఈ పోస్టు.

అపోహ: దేశభక్తి పాత్రకి గొంతు ఖంగుమనాలి

మన రంగస్థలం మీద దేశభక్తుడంటే తాండ్ర పాపారాయుడే కళ్లముందు కదులుతాడు. మీసం, కత్తి, ఉగ్రరూపం. ఆ పాత్రకి అది న్యాయమే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది, లోపల తనవాళ్లంతా పోయారు. ఆ పగతో విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి దూరి పొడిచాడు. అతని కోపానికి కారణం అందరికీ కనబడుతూనే ఉంది.

బ్రూటస్‌కి అలాంటి కారణం ఒక్కటీ లేదు. రెండో అంకం మొదట్లో రాత్రివేళ తోటలో ఒంటరిగా ఉంటాడు. సీజర్ మీద తనకి సొంత పగ లేదని, అంతా ప్రజల కోసమేనని తనకు తానే చెప్పుకుంటాడు. సీజర్ ఎన్నడూ వివేకం విడిచి ఆవేశానికి లొంగిపోలేదని కూడా ఒప్పుకుంటాడు. మరి ఎందుకు చంపాలి? కిరీటం పెడితే మనిషి మారిపోవచ్చు, పాము గుడ్డులో ఉండగానే చిదిమెయ్యాలి. స్వగతం మొత్తం ఆ ‘మారిపోవచ్చు’ మీదే నిలబడింది. ఇంకో విషయం చూడండి. సీజర్ చావాల్సిందేనన్నది స్వగతంలో మొదటి వాక్యం. కారణాల వెతుకులాట తర్వాత మొదలవుతుంది. తీర్పు ముందు, విచారణ వెనక.

దీన్ని గట్టిగా అరిచి చెబితే ప్రేక్షకుడికి ఆవేశమే వినిపిస్తుంది, ఆ తలకిందుల వరస వినిపించదు. అందుకే మా బ్రూటస్‌ని అరుగు మీద కూర్చోబెట్టి, నెలాఖరున ఇంటి ఖర్చులు కూడుకునేవాడిలా మెల్లగా మాట్లాడమన్నాను.

అపోహ: నిజాయితీపరుణ్ని ముంచేది మోసగాళ్లే

సగం నిజం. కుట్రకి మూలపురుషుడు కాసియస్ దొంగ ఉత్తరాలు రాయించి బ్రూటస్ కిటికీలోంచి వేయిస్తాడు. ఇంత ఉదాత్తుణ్ని కూడా వంచవచ్చునని తనలో తాను అనుకుంటాడు కూడా. అయితే కుట్రలో చేరాక జరిగిన తప్పులెవరివి? సీజర్ ఆప్తుడు ఆంటొనీని కూడా చంపేద్దామని కాసియస్ అంటే, మనం బలి ఇచ్చేవాళ్లం, కసాయివాళ్లం కాదని బ్రూటస్ అడ్డుపడతాడు. శవం దగ్గర ఆంటొనీని మాట్లాడనివ్వొద్దని కాసియస్ పక్కకి పిలిచి మరీ హెచ్చరిస్తాడు. ముందు నేను మాట్లాడి మన కారణాలు చెబుతాను, ఏం పర్వాలేదంటాడు బ్రూటస్. చివరికి ఆంటొనీ పక్షంతో జరిగే యుద్ధంలోనూ అంతే. మనం ఉన్నచోటే ఉండి శత్రువుని అలసిపోనిద్దామని కాసియస్ అంటే, ఫిలిప్పైకి మనమే వెళ్దామంటాడు. ప్రతిసారీ కాసియస్ లెక్కే సరైనది, నెగ్గేది మాత్రం బ్రూటస్ మాట.

ఎందుకు నెగ్గుతుంది? అతన్ని కుట్రలోకి తెచ్చుకున్నదే పేరు కోసం గనక. మనం చేస్తే నేరంలా కనబడేది అతను మనతో ఉంటే పుణ్యంలా కనబడుతుందని ఇంకో కుట్రదారు కాస్కా ముందే అంటాడు. ఎవరి మంచిపేరు మీద పని మొత్తం నిలబడిందో ఆ మనిషికి కాదని చెప్పేవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. విషాద నాయకుడు దుర్మార్గం వల్ల కాక ఒక పొరపాటు వల్ల పడిపోతాడన్నాడు అరిస్టాటిల్. బ్రూటస్ పొరపాటు అతని మంచితనంలోంచే పుట్టింది. తన ఉద్దేశం శుభ్రంగా ఉంది గనక తను చేసిన పనీ లోకానికి శుభ్రంగానే కనబడుతుందని నమ్మాడు.

ఈ నమ్మకం స్టేజి మీద ఎక్కడ కనబడుతుందంటే, హత్య అయిన మరుక్షణం. సీజర్ రక్తంలో మోచేతులదాకా చేతులు ముంచండని చెప్పేది కాసియస్ కాదు, బ్రూటసే. అలాగే సంతవీధికి వెళ్లి కత్తులు పైకెత్తి శాంతి, స్వేచ్ఛ అని చాటుదాం రండంటాడు. రిహార్సల్‌లోనే ఎర్రరంగు నీళ్లు వాడాలని పట్టుబట్టాను. వట్టి చేతులతో ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా నినాదంలాగే ఉండేది. మోచేతుల నుంచి ఎర్రనీళ్లు కారుతుంటే మా నటుడు ‘శాంతి’ అనగానే ఎదురుగా నిలబడ్డవాళ్లంతా అతని ముఖం వదిలేసి చేతుల వైపు చూశారు. అక్కడ రోమ్ జనం చూసేది కూడా అదే. కాసేపటికి ఆంటొనీ వచ్చి ఆ తడి చేతుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని కలుపుతాడు. ఎవరెవరిని గుర్తుపెట్టుకోవాలో అప్పుడే గుర్తుపెట్టుకుంటున్నాడని నా అభిప్రాయం.

అపోహ: బ్రూటస్ ఉపన్యాసం చప్పగా ఉంది, అందుకే ఓడాడు

మూలంలో బ్రూటస్ వచనంలో మాట్లాడతాడు, ఆంటొనీ పద్యంలో. పద్యనాటకం చూసి పెరిగిన మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒన్స్‌మోర్ ఎవరికి పడుతుందో తెలిసిందే. కానీ బ్రూటస్ ఉపన్యాసం విఫలం కాలేదు. అతను దిగేసరికి జనం జేజేలు కొడుతున్నారు. ఒకడైతే ఇతన్నే సీజర్‌ని చేద్దామని అరుస్తాడు.

ఆ ఒక్క కేక చాలు. రాజరికం వద్దని సొంత మిత్రుణ్ని చంపి వచ్చినవాడికి జనం ఇస్తామంటున్నది అదే పీఠం. సీజర్ మీద ప్రేమ తక్కువై కాదు, రోమ్ మీద ప్రేమ ఎక్కువై చంపానని అతను చెప్పిన మాట వాళ్లకి ఎక్కనే లేదు. అతను పాస్ అయ్యాడు, అతని కారణం ఫెయిలైంది. ఆంటొనీ నోరు విప్పకముందే జరిగిన సంగతి ఇది. మా ప్రదర్శనలో ఆ కేక వినగానే బ్రూటస్ ఒక్క క్షణం ఆగుతాడు, తర్వాత వినబడనట్టే ముందుకు నడుస్తాడు.

అపోహ: మనకి ట్రాజెడీ సంప్రదాయం లేదు

సంస్కృత నాటకకర్త భాసుడి ‘ఊరుభంగం’లో దుర్యోధనుడు రంగస్థలం మీదే ప్రాణం విడుస్తాడు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ రాశారు. మాట తప్పని, నడత తప్పని కొడుకుని తండ్రే శిక్షించే కథ అది. ఇక అదే ఊరి లాయరు బళ్లారి రాఘవ (1880–1946) తెలుగు, కన్నడ, ఇంగ్లీషు నాటకాలు మూడింట్లోనూ పేరు తెచ్చుకున్నారు. కర్ణాటకలో ఉండి తెలుగులో ట్రాజెడీ ఆడుతున్న మేం కొత్త దారేమీ తొక్కడం లేదు.

అపోహ: నిజాయితీ పాత్రకి మచ్చ ఉండకూడదు

నిడివి తగ్గించాలంటే అందరూ ముందు కత్తిరించమనేది నాలుగో అంకంలో డేరాలోని కీచులాట. పాత్ర పెద్దరికం తగ్గిపోతోందని వాళ్ల బాధ. నేను ఒప్పుకోలేదు. నాటకం గుండెకాయ అక్కడుంది.

లంచాల విషయంలో కాసియస్‌ని బ్రూటస్ చెడామడా తిడతాడు. సీజర్‌ని న్యాయం కోసం చంపిన మనం ఇప్పుడు లంచాలతో చేతులు మురికి చేసుకుంటామా అంటాడు. మాట వజ్రంలా ఉంది. వెంటనే, సైన్యానికి జీతాలివ్వడానికి బంగారం పంపమంటే నువ్వు పంపలేదేమని అదే కాసియస్‌ని నిలదీస్తాడు. పేదరైతుల దగ్గర అడ్డదారిలో డబ్బు పిండలేను గనకే నిన్ను అడిగానంటాడు. ఆ డబ్బు కాసియస్‌కి ఎలా వస్తుందో తెలియదా? తెలుసు, దాన్నే కదా ఇప్పటిదాకా తిట్టింది! పక్కవాడి మురికి మీద నిలబడిన శుభ్రత అది. ఇందులో బ్రూటస్ నటించడం లేదు, ఆ రెండు మాటలకీ పొత్తు కుదరదని అతనికి తట్టదు. నటుడు ఇక్కడ కొంచెం తడబడ్డా, కపటం తొంగిచూసినా పాత్ర పోతుంది. రెండూ ఒకే నమ్మకంతో చెప్పాలి.

అదే రంగం చివర్లో, వాయిద్యం వాయిస్తూ నిద్రపోయిన పనికుర్రాడు లూసియస్ చేతిలోంచి అది జారి విరిగిపోతుందని బ్రూటస్ తనే మెల్లగా తీసి పక్కన పెడతాడు. మేం తంబూరా వాడుతున్నాం. ఆ కుర్రాడి మీద అతని ఆపేక్ష నిజం, ఇందాకటి గుడ్డితనమూ నిజం. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచేస్తే మిగిలేది విగ్రహం.

అపోహ: దేశభక్తికి ఎదురుగా స్వార్థం ఉంటేనే సంఘర్షణ

గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ ‘యాంటిగొని’ చదవండి. అన్న శవానికి అంత్యక్రియలు చెయ్యాలన్నది నాయిక యాంటిగొని పట్టు. దేశం మీదికి దండెత్తి వచ్చినవాడికి ఆ గౌరవం దక్కకూడదన్నది రాజు క్రియోన్ పట్టు. దేశం కంటే బంధువు ఎక్కువనుకునేవాడు నా లెక్కలో మనిషే కాదన్న ధోరణి క్రియోన్‌ది, అతని దేశభక్తి బూటకం కాదు. నిజాయితీ, దేశభక్తి ఎదురెదురుగా నిలబడ్డాయి, ఇద్దరి ఇళ్లూ కూలిపోయాయి. క్రియోన్‌ని విలన్‌గా ఆడితే నాటకంలో సగం పోయినట్టే.

అపోహ: శత్రువే పొగిడాడు కాబట్టి చివరికి బ్రూటస్‌దే గెలుపు

తక్కినవాళ్లంతా అసూయతో చంపారు, ఇతనొక్కడే అందరి మేలు కోరి చంపాడని ఆంటొనీ అంటాడు. మాట నిజమే, కానీ యుద్ధం గెలిచాక, శవం ముందు నిలబడి అంటున్నాడు. అప్పుడా పొగడ్తకి ఖర్చేమీ లేదు. నాకు అంతకంటే ముఖ్యం, చచ్చిపోయే ముందు బ్రూటస్ అనే మాట. నా జీవితమంతటిలో నాకు ద్రోహం చేసిన మనిషి ఒక్కడూ తగల్లేదని సంతోషపడతాడు. సీజర్ ఆ మాట అనలేడన్న సంగతి అతనికి ఆ క్షణంలో తట్టదు, ప్రేక్షకుడికి తట్టాలి. మా నటుడు అక్కడ కన్నీళ్లు పెట్టుకోబోతే ఆపేశాను. సంతోషంగానే చెప్పమన్నాను, ఎందుకంటే బ్రూటస్ నిజంగానే సంతోషపడుతున్నాడు.