రుషికొండపై ఖాళీ భవనాలు, హార్బర్ పార్కులో రాని కన్వెన్షన్ సెంటర్

విశాఖపట్నంలో సముద్రం పక్కన ప్రభుత్వానికి రెండు విలువైన జాగాలున్నాయి. ఒకటి రుషికొండ మీద పర్యాటక శాఖ స్థలం. రెండోది పార్క్ హోటల్ దగ్గర, బీచ్ రోడ్డుకు ఆనుకుని ఉన్న హార్బర్ పార్క్ స్థలం. దీన్నే చాలామంది ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) గ్రౌండ్స్ అంటారు. కొండ మీద నడుస్తున్న హోటల్‌ను పడగొట్టి వందల కోట్లతో కొత్త భవనాలు కట్టారు, 2025 వచ్చినా వాటిలో ఒక్క పర్యాటకుడు కూడా దిగలేదు. హార్బర్ పార్కులో అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్‌కు శంకుస్థాపన చేశారు, అదీ రాలేదు. రెండింటి గురించీ వార్తలు విడివిడిగా వస్తాయి కాబట్టి ఒకటి రాజభవనం గొడవలా, ఇంకొకటి మాల్ గొడవలా కనిపిస్తాయి. కానీ రెండు చోట్లా జరిగింది ఒకటే. ఈ ఊరికి ఏం కావాలో ఊరితో మాట్లాడి తేల్చుకోకుండానే జాగాను ఒక ప్రభుత్వం ఒకదానికి, తర్వాతి ప్రభుత్వం మరోదానికి కేటాయించుకుంటూ పోయాయి.

ఇది అర్థం కావాలంటే ముందు హైదరాబాద్ సంగతి చెప్పుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద సదస్సు అంటే మాదాపూర్‌లోని హైదరాబాద్ అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్, అంటే హెచ్ఐసీసీయే. 2006లో మొదలైన ఆ కేంద్రంలో 5,000 మంది కూర్చునే హాలు ఉంది, మధ్యలో ఒక్క స్తంభం ఉండదు. దాన్ని ఆనుకునే నొవోటెల్ హోటల్ కట్టారు. ఏపీఐఐసీ, ఎమ్మార్ సంస్థ కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. ఎమ్మార్‌కు ఇచ్చిన భూముల మీద తర్వాత సీబీఐ కేసులు నడిచాయి, అది వేరే కథ. హాలు, హోటల్ పక్కపక్కనే ఉండటం వల్ల లాభం ఏమిటో మాత్రం అక్కడ తేలిపోయింది. సదస్సుకు వచ్చినవాళ్లు గది నుంచి నడుచుకుంటూ హాలుకు వెళ్తారు. హాలు ఏడాదిలో చాలా రోజులు ఖాళీగా ఉన్నా హోటల్ గదులు, రెస్టారెంట్లు, పెళ్లిళ్ల ఆదాయంతో మొత్తం నిలదొక్కుకుంటుంది. హాలు ఒక్కదాన్నే కడితే కరెంటు బిల్లుకు సరిపడా ఆదాయం రావడం కూడా కష్టం. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ హాలు తెలంగాణలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌కు అలాంటిది ఒక్కటీ మిగల్లేదు.

కొత్త రాష్ట్రానికి పెట్టుబడులు కావాలి. వాటి కోసం సదస్సులు పెట్టాలి. విమానాశ్రయం, ఓడరేవు, స్టార్ హోటళ్లు అన్నీ ఉన్న ఊరు వైజాగే. పార్క్ హోటల్ 1968 నుంచి ఉంది, డాబాగార్డెన్స్‌లో డాల్ఫిన్ 1980లో వచ్చింది, ఆ తర్వాత బీచ్ రోడ్డు పొడవునా మరికొన్ని వచ్చాయి. లేనిది పెద్ద హాలే. దాంతో పరిశ్రమల సమాఖ్య సీఐఐ భాగస్వామ్య సదస్సులను 2016 జనవరిలో, 2017 జనవరిలో, 2018 ఫిబ్రవరిలో ఏపీఐఐసీ గ్రౌండ్స్‌లోనే తాత్కాలిక షెడ్లలో నడిపారు.

ఈ షెడ్ల పని దగ్గర నుంచి చూస్తే ఖర్చు ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. జర్మన్ హ్యాంగర్ అంటారు వాటిని. ముందు నేల చదును చేస్తారు. అల్యూమినియం ఫ్రేములు లేపి, పైన తెల్లటి షీటు లాగి కడతారు. కింద ప్లైవుడ్ పరిచి దాని మీద కార్పెట్ వేస్తారు. బయట వరుసగా జనరేటర్లు, టన్నుల కొద్దీ ఏసీలు, లోపలికి లావాటి గొట్టాలు. రోడ్లకు రంగులు, డివైడర్లకు మొక్కలు, గోడలకు బొమ్మలు. రెండు మూడు రోజుల సదస్సు అయిపోగానే అన్నీ విప్పి లారీల్లో ఎక్కించేస్తారు. ఊరికి మిగిలేది మేకులు దిగిన మైదానం. ఇలా ప్రతిసారీ పెట్టిన డబ్బులో ఊరికి ఆస్తిగా నిలిచింది దాదాపు ఏమీ లేదు. శాశ్వత హాలు కావాలన్న కోరిక అక్కడి నుంచి పుట్టిందే, న్యాయమైన కోరికే.

2018 ఫిబ్రవరిలో అదే చోట, మాల్స్, హైపర్‌మార్కెట్లు నడిపే లులు గ్రూప్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. కన్వెన్షన్ సెంటర్, ఐదు నక్షత్రాల హోటల్, షాపింగ్ మాల్ మూడూ కలిపి 2,200 కోట్ల రూపాయలు పెడతామని, 7,000 మందికి పైగా ఉద్యోగాలు వస్తాయని ఆ సంస్థ చెప్పింది. కాగితం మీద ఇది హెచ్ఐసీసీ పద్ధతే: హాలు బరువును హోటల్, మాల్ మోస్తాయి. అభ్యంతరాలు వచ్చింది భూమి ఇచ్చిన తీరు మీద. పోటీ లేకుండా ఒకే బిడ్డర్‌కు, మార్కెట్ ధర కంటే బాగా తక్కువ లీజుకు ఇచ్చారన్నారు. 2019లో ప్రభుత్వం మారింది. అక్టోబర్ 30న మంత్రివర్గం ఇవే కారణాలు చూపి 13.83 ఎకరాల కేటాయింపును రద్దు చేసింది. తర్వాతి నెలలో లులు గ్రూప్ ఇక ఆంధ్రప్రదేశ్‌లో పెట్టుబడి పెట్టబోమని ప్రకటించి వెళ్లిపోయింది.

లీజు తక్కువైతే సరిచేయాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ సరిచేయడం ఒకటి, ఆలోచననే చెత్తబుట్టలో వేయడం మరొకటి. మళ్లీ టెండర్లు పిలిచి, లీజు పెంచి, హాలు కట్టే షరతు అలాగే ఉంచవచ్చు. అది జరగలేదు. 2021లో బిల్డ్ ఏపీ పేరుతో ప్రభుత్వ భూములు అమ్మకానికి పెట్టినప్పుడు ఈ బీచ్ రోడ్డు స్థలం కూడా ఆ జాబితాలో చేరింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌బీసీసీ ద్వారా వేలం, 1,000 కోట్లకు పైగా రిజర్వు ధర. అమ్మకం ముందుకు సాగలేదు. 2023 మార్చి 3, 4 తేదీల్లో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్ పెట్టాల్సి వస్తే ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ మైదానానికి వెళ్లారు. మళ్లీ హ్యాంగర్లే. పిల్లలు ఆడుకునే గ్రౌండ్ పోయి సదస్సు వచ్చింది.

ఇదే కాలంలో, బీచ్ రోడ్డు వెంట భీమిలి వైపు వెళ్తుంటే వచ్చే రుషికొండ మీద ఇంకో కథ నడిచింది. అక్కడ పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపే హరిత రిసార్ట్ ఉండేది. పాత పేరు పున్నమి. 58 గదులు. ఆర్భాటమేమీ లేని హోటల్, కానీ మధ్యతరగతి కుటుంబం కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ రెండు రోజులు ఉండగలిగిన చోటు. కింద ఉన్న బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2021లో ఆ రిసార్ట్‌ను ఖాళీ చేయించి పడగొట్టారు.

ఉన్న రిసార్ట్‌నే తిరిగి అభివృద్ధి చేస్తామంటూ తీర నియంత్రణ నిబంధనల కింద అనుమతి అడిగారు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021 మేలో అనుమతి ఇచ్చింది. కొండ మీద పర్యాటక శాఖకు ఉన్న 61 ఎకరాల్లో 9.88 ఎకరాలకే ఆ అనుమతి. పని మొదలయ్యాక కొండ పచ్చదనం పోయి ఎర్రటి మట్టి బయటపడింది. కొండకు బోడిగుండు కొట్టారని ఊరంతా అనుకున్నారు. తవ్విన వాలు మీద పచ్చరంగు మ్యాటు కప్పారు. బీచ్ రోడ్డు మీద వెళ్లేవాళ్లకు దూరం నుంచి గడ్డిలా కనిపించేది, దగ్గరికి వెళ్తే గుడ్డ.

కేసులు వరుసగా పడ్డాయి. అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు ఫిర్యాదుతో 2022 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్ పనులు ఆపమంది. జూన్ 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, పాత కట్టడాలు ఉన్న చోట, చదునుగా ఉన్న చోట మాత్రమే కట్టుకోవచ్చని, మిగతాది హైకోర్టు తేలుస్తుందని చెప్పింది. స్థానిక ప్రతినిధుల పిటిషన్లు అప్పటికే హైకోర్టులో ఉన్నాయి. కోర్టు ఆదేశంతో వేసిన నిపుణుల కమిటీ అనుమతికి మించి పని జరిగిందని నివేదిక ఇచ్చింది. అయినా కట్టడం ఆగలేదు.

ఎవరి కోసం కడుతున్నారన్న అనుమానం ఊళ్లో అప్పటికే ఉంది. 2019 డిసెంబర్ 17న శాసనసభలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి మూడు రాజధానుల ఆలోచన చెప్పారు, విశాఖ పరిపాలనా రాజధాని అన్నారు. పర్యాటక ప్రాజెక్టేనని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. 2023 చివర్లో అధికారుల కమిటీ మాత్రం ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయానికి రుషికొండ భవనాలే అనువని సిఫారసు చేసింది. 2024 ఫిబ్రవరి 29న పర్యాటక మంత్రి రోజా వాటిని ప్రారంభించారు. మూడు నెలల్లో ఎన్నికల ఫలితాలు వచ్చాయి. జూన్ 16న భీమిలి ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు విలేకరులను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లారు. షాండ్లియర్లు, విదేశీ పాలరాయి, విశాలమైన బాత్రూముల్లో బాత్‌టబ్‌లు... ఆ రోజు ప్రతి ఇంట్లో ఫోన్లలో తిరిగింది అవే. అది ప్రభుత్వ ఆస్తే, సొంతం కాదు కదా అని వైఎస్సార్ కాంగ్రెస్ సమాధానం చెప్పింది. పేరు ఎవరిదైనా ప్రజల డబ్బు 400 కోట్లకు పైగా అక్కడ పడింది, ఇదొక్కటి మాత్రం ఇరుపక్షాలూ కాదనలేవు.

కళింగ, వేంగి, గజపతి, విజయనగర అని పేర్లు పెట్టిన ఆ బ్లాకుల్లో ఇబ్బందేమిటంటే హాళ్లు పెద్దవి, పడుకునే గదులు తక్కువ. హోటల్ బతికేది గదుల మీద. 58 గదుల రిసార్ట్ ఉన్న చోట అంతకంటే ఎన్నో రెట్లు ఖర్చుపెట్టి, గదులు తక్కువగా కట్టుకుంటే దాన్ని నడపడానికి ఏ సంస్థ వచ్చినా అదనంగా కట్టుకోవడానికి జాగా అడుగుతుంది. జాగా ఇస్తే మళ్లీ తీర నియంత్రణ నిబంధనలు, మళ్లీ కొండ. ఇవ్వకపోతే భవనాలు అలాగే ఉంటాయి. ఉప్పుగాలికి సముద్రం పక్కన ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో వైజాగ్‌లో ఇల్లు కట్టుకున్న ఎవరినడిగినా చెబుతారు. ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 నవంబర్ 2న వెళ్లి చూశారు. 2025లో మంత్రుల బృందం వేశారు, ఏం చేస్తే బాగుంటుందని ప్రజలను, హోటల్ సంస్థలను అడిగారు. అడగడం మంచిదే. పడగొట్టక ముందు, 2021లోనే అడిగి ఉండాల్సింది.

హార్బర్ పార్కులో లులు తిరిగి వచ్చింది. 2025లో దాదాపు అదే స్థలం, 13.74 ఎకరాలు, 99 ఏళ్ల లీజుకు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఈసారి ప్రతిపాదనలో ముందున్నది మాల్, హైపర్‌మార్కెట్, మల్టీప్లెక్స్. ఆ స్థలాన్ని ఇవ్వడానికి 2018లో చెప్పిన కారణం కన్వెన్షన్ సెంటర్, ఇప్పుడు అదే వెనక్కి పోయింది. కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి ఈఏఎస్ శర్మ, వామపక్షాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల వాదనలో నాకు అన్నీ నచ్చకపోవచ్చు గానీ ఒక ప్రశ్న మాత్రం పక్కకు తోసేయదగింది కాదు: మాల్ కోసమే అయితే ఊళ్లో ప్రైవేటు భూములు లేవా? సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రభుత్వ జాగా ఇవ్వడానికి ప్రజలకు కనిపించే ఫలితం ఒకటి ఉండాలి. ఆ ఫలితమే హాలు. అదే 2025 నవంబర్ 14, 15 తేదీల్లో సీఐఐ సదస్సు మళ్లీ ఏయూ ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలోనే జరిగింది. మొదటి సదస్సు నాటి నుంచి పదేళ్లు కావస్తున్నా ఊరికి సొంత హాలు లేదు.

లీజు పత్రంలో ఏం రాస్తారన్నది ఇప్పుడు అసలు విషయం. ఎంతమంది పట్టే హాలు కట్టాలి, ఎన్నేళ్లలో పూర్తి చేయాలి, ఏడాదిలో ఎన్ని రోజులు ప్రభుత్వానికీ విశ్వవిద్యాలయానికీ తక్కువ అద్దెకు ఇవ్వాలి, మాల్ తెరిచి హాలు కట్టకపోతే జరిమానా ఎంత, ఇవన్నీ అంకెలతో ఉండాలి. రుషికొండ భవనాలను నడపడానికి ఇచ్చే ఒప్పందంలో కొండను ఇంకో అడుగు కూడా తవ్వకూడదన్న షరతు ఉండాలి, కింద బీచ్‌కు, జాలర్లకు దారి మూయకూడదని ఉండాలి. ఈ రెండు పత్రాలూ సంతకాలు కాకముందే తెలుగులో విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కౌన్సిల్ ముందుకు రావాలి.