జంట తప్పిన వైర్లు

హన్మకొండలో మా అక్క వాళ్లింట్లో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి కింద హాల్లో, ఇంకోటి మేడ మీద మేనల్లుడి గదిలో. కింద ఉన్న పెళ్లి వీడియో, 40 గిగాబైట్లు, పైకి ఎక్కించాలి. పెన్‌డ్రైవు చాలదు, వైఫై మెట్ల మలుపు దాటేసరికే నీరసపడుతుంది. "మామా, నడుమ ఒక్క వైరేస్తే అయిపోతది గదా?" అన్నాడు వాడు. అయిపోతుంది. కానీ నాకు ఒక పూట పట్టింది, అదీ నా తప్పు వల్లే.

20 మీటర్ల ల్యాన్ కేబుల్ తెచ్చి మెట్ల పక్కనుంచి, బోరు మోటారు కరెంటు వైరును ఆనుకుని పైకి లాగాం. తొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది వైర్లు, రెండేసి పేనుకుని నాలుగు జంటలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ప్రతి జంటలో ఒకటి నిండు రంగు, ఒకటి తెల్లచార. రెండు చివర్లా ఒకే వరుస ఉంటే చాలు కదా అనుకుని, ఏ జంట పక్కన ఆ జంటను ముచ్చటగా పేర్చి కనెక్టర్లు కొట్టేశాను. కేబుల్ తెగిందా లేదా చూసే టెస్టరు పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలిగాయి.

మిగతాది రెండు నిమిషాల పని. ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఐపీ చిరునామాగా ఒక కంప్యూటరుకు 192.168.10.1, రెండోదానికి 192.168.10.2, రెండూ ఒకే నెట్‌వర్కులోవని చెప్పే మాస్క్ 255.255.255.0, బయటికి దారి చూపే గేట్‌వే ఖాళీ. ఫోల్డరు షేర్ చేశాం. (ఇదివరకు రెండు కంప్యూటర్లను నేరుగా కలపాలంటే ఒక చివర వైర్లు తారుమారు చేసిన క్రాసోవర్ కేబుల్ కావాలి. ఇప్పటి గిగాబిట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్ల) కార్డులు, అంటే కంప్యూటరులో కేబుల్ గుచ్చే భాగాలు, ఆ మార్పేదో లోపలే చేసుకుంటాయి.)

వెయ్యి మెగాబిట్ల కార్డు వందకు దిగి కూర్చుంది. కాపీ కాసేపు నడవడం, ఆగడం. మోటారు వేస్తే మొత్తానికే ఆగడం. "అమావాస్య నాడు మొదలుపెడ్తిరి, ఇంకేం నడుస్తది?" అంది అక్క. దసరాకు ఈ కంప్యూటర్లకు బొట్లు పెట్టింది కూడా తనే, కాబట్టి తన మాటకు ఇంట్లో విలువ ఎక్కువ.

వరంగల్ వాళ్లకు పురి సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరిది. నూలుకు పురి బలం కోసం. రాగి వైరుకు మాత్రం పురి బలం కోసం కాదు.

జంటలో ఒక వైరు మీద ప్లస్ 1 వోల్టు పంపితే, రెండోదాని మీద మైనస్ 1 పంపుతారు. అవతలి కార్డు చూసేది రెంటి తేడా ఒక్కటే: 2. దారిలో మోటారు రొద రెంటి మీదా 0.3 చొప్పున పడిందనుకోండి. 1.3, మైనస్ 0.7. తేడా మళ్లీ 2. రొద ఉంది, కానీ లెక్కలో కొట్టుకుపోయింది. చిక్కల్లా ఎక్కడంటే, మోటారు వైరుకు దగ్గరున్న దాని మీద 0.5 పడి, దూరమున్న దాని మీద 0.1 పడితే తేడా 2.4 అవుతుంది.

మే నెల సాయంత్రం నాలుగింటికి అన్నదమ్ములిద్దరు హన్మకొండ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకుని నడుస్తున్నారనుకోండి. ఎండ ఎడమ నుంచి కొడుతుంది. ఎడమవైపు వాడు మాడిపోతాడు, కుడివైపు వాడు అన్న నీడలో హాయిగా పోతాడు. పది అడుగులకోసారి స్థానాలు మార్చుకుంటే? హసన్‌పర్తి చేరేసరికి ఇద్దరూ సమానంగా నల్లబడతారు. కేబుల్లో ఆ మార్పిడే మెలిక. 1881లోనే అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోను వైర్ల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు.

నా తప్పు ఇప్పుడు తెలిసిపోతుంది. కనెక్టరులో ఒక్కో వైరుకు ఒక్కో పిన్ను, మొత్తం ఎనిమిది. కార్డు జంటలుగా చూసే పిన్నులు 1-2, 3-6, 4-5, 7-8. మధ్యలో ఆ 3-6 ఏమిటంటారా? పాత టెలిఫోను సాకెట్లో లైను నడిమి రెండు పిన్నులది, తర్వాతి జంట దాని రెండు పక్కలా సర్దుకుంది. నా ముచ్చటైన వరుసలో 3 ఆకుపచ్చ జంటలోది, 6 నీలం జంటలోది. ఈ ఇంటి అన్నను, ఆ ఇంటి తమ్ముణ్ని పక్కపక్కన నిలబెట్టి ఎవరెంత నల్లబడ్డారని పోల్చినట్టు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు స్థానాలు మార్చుకున్నది ఎప్పుడు? టెస్టరు ఒక చివరి పిన్ను రెండో చివరికి తగిలిందా అని మాత్రమే చూస్తుంది. ఎవరు ఎవరితో పేనుకున్నారో దానికి తెలియదు. నెట్‌వర్కు పాఠమంటే ఏడు పొరల బొమ్మ నోట్సులో గీయించే మాస్టార్లు క్లాసుకు ఒక్క మీటరు కేబుల్ తెచ్చి ఒలిపిస్తే ఈ సంగతి పదో నిమిషంలో అర్థమవును.

రెండు కనెక్టర్లూ కోసేశాను. ఈసారి తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. చివర పురి విప్పింది అర అంగుళం లోపే. అంతకు మించి విప్పితే అక్కడ అన్నదమ్ములు స్థానాలు మార్చుకోవడం మానేసినట్టే. కార్డు వెయ్యికెక్కింది. మోటారు నడుస్తుండగానే 40 గిగాబైట్లు ఆరు నిమిషాల్లో పైకి చేరాయి. అమావాస్య ఇంకా పోలేదు. అక్క ఏమీ అనలేదు.

కోసిపారేసిన ముక్క పట్టుకుని మేనల్లుడు స్కేలుతో కూర్చున్నాడు. "మామా, పది సెంటీమీటర్లల్ల ఆకుపచ్చకు ఆరున్నర మెలికలున్నయి, గోధుమకు అయిదే. కంపెనోళ్లు పిసినారులా?" కాదు. అదే రోడ్డు మీద రెండు జంటలు పక్కపక్కన ముచ్చట్లాడుతూ నడుస్తున్నాయనుకో. నలుగురూ ఒకే అడుగు దగ్గర స్థానాలు మారిస్తే, ఎప్పుడూ అదే మనిషి చెవిలో అదే పక్కింటాయన మాట పడుతుంది. ఒక జంట ఆరు అడుగులకు, ఇంకో జంట ఎనిమిదికి మార్చుకుంటే, పక్కింటి మాట ఇద్దరి చెవుల్లోనూ దాదాపు సమానంగా పడుతుంది, తేడాలో కొట్టుకుపోతుంది. వాడు నీలం జంట లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.