పాత పిస్తోలును తోమకండి: నా బల్ల మీదికొచ్చే అపోహలు, వాటి వాస్తవాలు

విజయనగరంలో ఆయుధాల మరమ్మతు మా ఇంటి వృత్తి. లైసెన్సు నాన్న పేరు నుంచి నా పేరుకు మారింది, బల్ల మాత్రం అదే. బొబ్బిలి, సాలూరు, పాలకొండ వైపు పాత ఇళ్ల భోషాణాల్లో దొరికిన పిస్తోళ్లు, రివాల్వర్లు నా దగ్గరికి వస్తుంటాయి. వాటి గురించి తరచూ వినే మాటలకు జవాబులివి.

అపోహ: "ఇది బొబ్బిలి యుద్ధంలో పేలిన పిస్తోలండి బాబూ."

ఈ మాట ఎవరూ అబద్ధమాడాలని అనరు. తాత చెప్పాడు, నమ్మారు. నేను మాత్రం ముందు సుత్తి దగ్గర, అంటే ట్రిగ్గరు నొక్కితే ముందుకు పడి కొట్టే భాగం దగ్గర చూస్తాను. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరిలో. ఆనాటి పిస్తోలైతే సుత్తి దవడల మధ్య చెకుముకి రాయి ఉండాలి. ఆ రాయి ఉక్కు రేకుకు రాసుకుని నిప్పురవ్వలు రాలితే, పక్కనున్న చిన్న పళ్లెంలోని మందు అంటుకుంటుంది. మీ పిస్తోలుకు పళ్లెం లేకుండా, దెబ్బకు పేలే మందున్న చిన్న రాగి టోపీ తొడిగే మొన ఉందా? అయితే అది ఆనాటి రూపం కాదు. అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండ్ ఫాదిరీ, దెబ్బకు పేలే మందుతో తుపాకి కాల్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నదే 1807లో. రాగి టోపీలు వాడుకలోకి వచ్చింది ఇంకా తర్వాత.

అయినా అక్కడితో తీర్పు చెప్పను. టోపీలొచ్చాక చాలామంది పాత చెకుముకి పిస్తోళ్లను పారేయలేదు, మార్పించుకున్నారు. పళ్లెం తీయించి మొన బిగించుకున్నారు. అలా మార్చినదానికి పక్క పలక మీద పూడ్చిన మర రంధ్రాలు కనిపిస్తాయి. భూతద్దం కింద ఆ పూడికలు కనబడితే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఒక పనివాడు చేసినదాన్ని, తరం తర్వాత ఇంకో పనివాడు గౌరవంగా విప్పి, మళ్లీ నిలబెట్టాడన్నమాట. పలక మీద వెనక కాళ్లపై నిలిచిన సింహం ఉంటే అది ఈస్టిండియా కంపెనీ 1808 నుంచి వాడిన ముద్ర. ముద్ర ఉంది కదా అని వెంటనే నమ్మకండి. ఖైబర్ కనుమ ప్రాంతంలో చేసిన నకళ్ల మీదా ఇలాంటి ముద్రలుంటాయి. వాటి మీద అక్షరాలు తిరగబడి ఉండటమో, స్పెల్లింగు తప్పడమో చూశాను.

అపోహ: పాత పిస్తోలు ఉక్కు మీద కనిపించే నలుపు పెయింటు. పోతే మళ్లీ వేయించుకోవచ్చు.

అది పెయింటు కాదు, తుప్పు. నిజంగానే తుప్పు. పాత పనివాళ్లు ఉక్కును నునుపు చేసి, ఆమ్ల ద్రావణం పూసి, తడి గాలిలో ఉంచి కావాలనే ఎర్ర తుప్పు పట్టించేవారు. దాన్ని మరిగే నీళ్లలో ఉంచితే ఎరుపు నల్లని ఆక్సైడుగా మారుతుంది. పైన లేచిన పొడిని సన్నని తీగ బ్రష్షుతో దులిపి మళ్లీ పూత, మళ్లీ మరిగింపు. ఇలా రోజుల తరబడి, ఎన్నో సార్లు. చివరికి నూనె పట్టిస్తే నీలిమ కలిసిన నలుపు వస్తుంది. నాన్న ఈ పని చేసే రోజుల్లో ఇంట్లో ఎవరూ ఆ గిన్నె జోలికి పోయేవాళ్లం కాదు. ఒక్క జిడ్డు వేలిముద్ర పడితే అక్కడ మచ్చ.

అపోహ: తళతళా మెరిస్తే విలువ పెరుగుతుంది.

ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే నమ్మకం. ఒక పెద్దావిడ వాళ్లింటి .32 వెబ్లీ పిస్తోలు తెచ్చి, "సింతపండుతో తోమీసినాను బాబూ, ఎలా మెరుస్తందో సూడు" అంది. అంతకు ముందే కొడుకు దాన్ని బఫింగు చక్రం మీద పెట్టించాడు. అంచులు సబ్బుబిళ్లలా గుండ్రబడ్డాయి. కంపెనీ పేరు సగం పోయింది. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల ముద్ర చెరిగిపోయి నీడలా మిగిలింది. 1813లో మొదలైన ఆ పరీక్షాశాలలో, మామూలు కన్నా ఎక్కువ మందు పెట్టి పేల్చి, తట్టుకున్న గొట్టానికే ముద్ర వేసేవారు. ఆ సాక్ష్యాన్ని తిరిగి తేవడం నా చేతుల్లో లేదు. ఆవిడ మొహం చూసి ఆ సంగతి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

అపోహ: స్క్రూలు తక్కువుంటే నాసిరకం.

1896లో వచ్చిన మౌజర్ సి96 అనే జర్మన్ పిస్తోలు విప్పి చూస్తే తెలుస్తుంది. పిడి చెక్కలు పట్టుకునే స్క్రూ ఒక్కటే, మిగతా భాగాలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుముడిలా ఇమిడిపోతాయి. లూగర్ అనే ఇంకో జర్మన్ పిస్తోలులో చిన్న భాగాల మీద కూడా తుపాకి నంబరులోని చివరి అంకెలు కొట్టి ఉంటాయి. ఆ భాగాన్ని ఆ తుపాకికే చేత్తో ఆకురాయి పట్టి అమర్చారు మరి. అంకెలు కలవకపోతే ఎక్కడో భాగం మారిందని అర్థం.

అపోహ: పాతది కదా, ఖాళీగానే ఉంటుంది. లైసెన్సూ అక్కర్లేదు.

రెండూ ప్రమాదమే. మూతి నుంచి మందు కూరే పిస్తోళ్లలో తాతలనాటి మందు అలాగే ఉండిపోవచ్చు. మీరు ముట్టుకోకండి, తెలిసినవాళ్లకు చూపించండి. ఇక 1959 ఆయుధాల చట్టం మినహాయించేది, బాగు చేసినా పేలని పురాతన ఆయుధాలను మాత్రమే. బాగు చేస్తే పేలేదానికి లైసెన్సు కావాలి. లైసెన్సుదారు పోయాక వారసులు దాన్ని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, ఆ తర్వాతే కాగితాల పని చూసుకోవాలి.

అపోహ: తోలు ఒరలో ఉంటే భద్రం.

తోలు తేమను పట్టి ఉంచుతుంది, పచ్చి తోలును పదును చేసేటప్పుడు వాడిన లవణాలు ఉక్కును తింటాయి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఒరను వేరే పెట్టండి. పిస్తోలుకు పలచగా నూనె రాసి, పొడి నూలుగుడ్డలో చుట్టండి.

దసరా వస్తే ఆయుధపూజ తప్పదు, తప్పాలని నేనూ అనను. కాకపోతే నిమ్మరసం, పసుపు, కుంకుమ ఉక్కుకు తగలనివ్వకండి. పిస్తోలు దాచే పెట్టె మూతకు బొట్టు పెట్టండి.